ఎవరూ చూడని టీవీ

టీవీ వెనక చెయ్యి పెట్టి చూశాడు. వేడిగా ఉంది.

డ్యూటీ దిగి అప్పుడే ఇంట్లో అడుగుపెట్టాడు. ఇంకా బూట్లు కూడా విప్పలేదు. హాల్లో ఎవరూ లేరు. కిటికీకి తెర వేసి ఉంది. పట్టపగలు తెర వేసుకోవాల్సిన అవసరం ఈ ఇంట్లో ఎవరికొచ్చింది? వంటింట్లోకి తొంగి చూశాడు. భార్య కింద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. కోడలు గ్లాసులు కడుగుతోంది.

"టీవీ ఎవరు చూశారు?"

కోడలు చేతులు తుడుచుకుంది. రెండడుగులు ముందుకొచ్చి, సరిగ్గా అతని ముఖానికి ఎదురుగా నిలబడింది. "ఎవరూ చూడలేదు మామయ్యగారూ."

"మరి వేడిగా ఉందేం?"

"జ్వరమేమో. ఓ మాత్ర వెయ్యండి," అంది భార్య తల ఎత్తకుండా.

ఆ మాట అతని దాకా రాలేదు. కోడలు నవ్వాపుకోడానికి పెదవి కొరుక్కోవడం మాత్రం కనిపించింది. అత్తాకోడళ్ళు కూడబలుక్కున్నారని అతనికి రూఢి అయింది. వెనక్కి తిరిగి, బూట్లు విప్పుకుంటూ హాలంతా మరోసారి కలయజూశాడు. టీవీకి ఎదురుగా ఉండాల్సిన కుర్చీ ఎదురుగానే ఉంది. దాని ముందు పొడుగు స్టూలు ఎందుకుందో అర్థం కాలేదు.

అతను సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. కండక్టర్లు వెనకాల డేగ అంటారు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలియనట్టు ఉంటాడు గానీ ఆ పేరంటే లోపల ఇష్టమే. స్టాపులో జనం వెనక నిలబడి, బస్సు కదలబోతుండగా వెనక తలుపు నుంచి ఎక్కుతాడు. ఎక్కీ ఎక్కగానే కండక్టరు చేతిలోని టికెట్ మిషను మీద చెయ్యి వేస్తాడు. ఇక ఒక్క టికెట్టు కూడా పుట్టడానికి వీల్లేదు. ఆ తర్వాత మనుషుల్ని చూస్తాడు. టికెట్టున్నవాడు విసుక్కుంటూ జేబు తడుముకుంటాడు. లేనివాడు కిటికీలోంచి బయటికి, పుట్టి బుద్ధెరిగాక వీధి చూడనివాడిలా చూస్తాడు. అలాంటివాడి భుజం మీద వేలు పెడితే చాలు. వేలు పెట్టిన చోట తప్పు దొరక్కపోవడం అతని ఉద్యోగంలో బహు అరుదు.

రెండేళ్ళ కిందట లోకం గొణగడం మొదలుపెట్టింది. అతను అలాగే అనుకున్నాడు. కండక్టర్లు గొణుగుతున్నారు. జనం నోట్లో నోట్లో మాట్లాడుకుంటున్నారు. భోజనాల దగ్గర కొడుకూ కోడలూ చెవులు కొరుక్కుంటున్నారు. గొణిగేవాడు ఏదో దాస్తున్నాడన్నది ఉద్యోగం నేర్పిన సంగతి. ఇంత మంది ఒక్కసారే దాచడం మొదలుపెట్టారంటే దాని వెనక ఏదో ఉండే ఉంటుంది. ఇంట్లో గొణగనిది కోడలు ఒక్కతే. కానీ ఆ పిల్ల తీరు మరీ చోద్యం. ఏం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి నిలబడి, రెప్ప వెయ్యకుండా ముఖంలోకి చూస్తూ మాట్లాడుతుంది. పెద్దవాళ్ళ ముందు అంత తెగింపు ఏమిటని భార్యతో అన్నాడు ఒకసారి. భార్య ఏదో జవాబు చెప్పింది. అదీ గొణుగుడే.

చెవుల మీదికి అనుమానం పోలేదని కాదు. పోయింది, కానీ దాన్ని దగ్గరికి రానివ్వలేదు.

ఈ మధ్య ఒక నర్సు టికెట్టు లేకుండా దొరికింది. ఆమె ఏదో చెప్పింది. కండక్టరూ ఏదో చెప్పాడు. మిషను మొరాయించిందనీ, ఆమె చేతిలోంచి డబ్బు తీసుకున్నది నిజమేననీ, పక్క సీటువాళ్ళు కూడా చూశారనీ చెప్పారట. అతనికి అందింది ఇంజను హోరు ఒక్కటే. ఆమె ముఖం ఎర్రబడింది, చేతులు వణికాయి. అది చాలు. అందరి ముందూ దొంగ అని బస్సు దింపేశాడు.

ఆమె డిపోకి వచ్చి ఫిర్యాదు చేసింది. మేనేజరు అతన్ని గదిలోకి పిలిచి, తలుపు వేసి, "మీరు ఒకసారి చెవులు చూపించుకోండి. డాక్టరు సరే అంటేనే ఆ తర్వాత బస్సెక్కడం," అన్నాడు. వచ్చే వారం పరీక్ష. అప్పటిదాకా ఎప్పటిలాగే జూనియర్‌ని వెంటబెట్టుకుని తిరగొచ్చు. సరే అనకపోతే బ్యాడ్జీ, విజిలు తీసుకుని షెడ్డులో టైర్ల దగ్గర కూర్చోబెడతారు. రిటైరయ్యేదాకా అక్కడే. జీవితమంతా మనుషుల ముఖాలు చూసినవాడు టైర్ల ముఖాలు చూస్తూ ఎలా బతుకుతాడు? ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్తే అవును అంటారేమోనని భయం.

అయితే అతన్ని ఎక్కువగా తొలిచింది వేరే ప్రశ్న. ఆ నర్సు తన మీద జరిగిన దౌర్జన్యం గురించి ఫిర్యాదు చేసింది గానీ చెవుల గురించి కాదు. చెవుల మాట మేనేజరుకి ఎవరు చెప్పారు? బయటివాళ్ళకి తెలిసే అవకాశం లేదు. అంటే ఇంట్లోంచే వెళ్ళి ఉండాలి. ఇంట్లో పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని ఎవరితోనో మాట్లాడేది ఎవరు?

కూపీ లాగడం మొదలుపెట్టాడు. పొద్దున వెళ్ళేటప్పుడు రిమోటు మీద ఒక బియ్యపు గింజ పెట్టాడు. సాయంత్రం వచ్చి చూస్తే రిమోటు పెట్టిన చోటే ఉంది, గింజ లేదు. మర్నాడు బస్సు వాళ్ళ వీధి మీదుగా వెళ్తుంటే కిటికీలోంచి తన ఇంటి వైపు చూశాడు. మళ్ళీ తెర వేసి ఉంది. తెర అంచుల్లోంచి తెల్లటి వెలుగు. సినిమా అయితే వెలుగు ఎగిరెగిరి పడుతుంది. వార్తలైనా అంతే. ఈ వెలుగు కదలదు, మెదలదు. బొమ్మ లేని టీవీని తలుపులు వేసుకుని ఎవరు చూస్తారు?

ఆ మర్నాడు మధ్యాహ్నం జూనియర్‌ని స్టాపులో వదిలేసి బయల్దేరాడు.

"సార్! ఎక్కడికి?" జూనియర్ అరిచాడు. ఈ మధ్య అతను ప్రతిదీ అరిచే మాట్లాడుతున్నాడు. మర్యాద తగ్గిందని ఇన్‌స్పెక్టరు ఎప్పుడో కనిపెట్టాడు.

"తనిఖీకి."

"ఏ రూటు సార్?"

"మా ఇంటి రూటు."

జూనియర్ నవ్వాలో వద్దో తేల్చుకునేలోగా అతను రోడ్డు దాటేశాడు.

ఎప్పటిలాగే వెనక నుంచి ఎక్కాడు. పెరటి సందులోంచి వచ్చి, వంటింటి తలుపు చప్పుడు కాకుండా తోశాడు. చప్పుడు కాలేదనే అనుకున్నాడు. భార్య పక్క గదిలో పడుకుని ఉంది. వంటింటి నుంచి హాల్లోకి వెళ్ళే గుమ్మం సరిగ్గా టీవీ పక్కనే. అక్కడ చీకట్లో నిలబడ్డాడు.

హాలంతా చీకటి. టీవీ నిండా తెలుపు, కొంచెం పసుపు కలిసిన తెలుపు. దానికి ఎదురుగా కోడలు కూర్చుని ఉంది. స్టూలు మీద కంప్యూటరు. టీవీ వెలుగంతా ఆమె ముఖం మీద పడుతోంది. కనుబొమలో ప్రతి వెంట్రుకా కనిపిస్తోంది. ఎక్కడా నీడ లేదు. ఆమె పెదాలు కదిలాయి.

పువ్వు, అంది.

అతను ఉలిక్కిపడ్డాడు. మాట అంత శుభ్రంగా తనకి చేరి చాలా కాలమైంది. ఆమె మళ్ళీ అంది. పువ్వు. నోరు చూడు, కళ్ళు కాదు. పా-ప. పా-ట. బాగా చెప్పావ్. అమ్మని పిలువు.

గొణుగుడు లేదు. దాపరికం లేదు. ఒక్కొక్క మాటా తెరిచిన అరచేతిలో పెట్టినట్టు ఉంది. తను విన్నానని అనుకున్నాడు. తల ఇంకాస్త ముందుకు వంచాడు.

ఎవరో పెద్దవాళ్ళు వచ్చినట్టున్నారు. ఆమె కూర్చున్న తీరు మారింది. మాట మాత్రం అలాగే తేటగా ఉంది. లేదండీ, కోప్పడకండి. ఎదురుగా నిలబడి మాట్లాడండి చాలు. మా మామయ్యగారూ అంతే. ఆయనకి వినపడదు. మాకు చెప్పరు.

దొరికింది.

అతను వెలుగులోకి వచ్చాడు. "ఎవరికి చెప్తున్నావ్? ఎవరది?"

కోడలు లేచి నిలబడింది. కంప్యూటరులో ఒక ఆడమనిషి, ఆమె ఒళ్ళో చిన్నపిల్ల, ఇద్దరూ కళ్ళింతలు చేసుకుని చూస్తున్నారు. అతను రిమోటు లాక్కుని టీవీ కట్టేశాడు.

గది నల్లబడింది. కోడలు ఏదో అంటోంది. ముఖం ఉన్న చోట ఒక మసక మచ్చ, అందులో ఏదో కదలడం. అంతే. మళ్ళీ ఆ గొణుగుడు. అతను చెవి ఒగ్గాడు. ఆమె ఇంకా చెప్తోంది, చేతులు తిప్పుతోంది. ఇప్పుడే ఇంత స్పష్టంగా మాట్లాడిన మనిషి ఒక్క క్షణంలో ఎందుకు గొణుగుతోంది?

నిలబడ్డాడు. చేతిలో రిమోటు చూసుకున్నాడు. మళ్ళీ నొక్కాడు.

సబ్బు ప్రకటన వచ్చింది. కోడలి ముఖం నీలంగా, ఆకుపచ్చగా, తర్వాత ఎర్రగా మారింది. "ఆగండి, ఇలా ఇవ్వండి," అంది. ఈసారి అతనికి తెలిసింది. ఆమె రిమోటు తీసుకుని ఏవో మీటలు నొక్కింది. తెలుపు నిండింది.

"క్లాసు మధ్యలో ఉన్నాను మామయ్యగారూ," అంది ఎదురుగా నిలబడి. "పాపకి వినపడదు. నా నోరు కనపడకపోతే దానికి నేను లేనట్టే."

చప్పుడుకి భార్య లేచి వచ్చింది. సంగతి విని నెత్తి కొట్టుకుంది. ఆ తర్వాత భర్త ముందుకి వచ్చి, గట్టిగా, వీధికి కూడా వినపడేలా చెప్పింది. వినపడని పిల్లలకి పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్పే బడిలో కోడలికి ఉద్యోగం వచ్చిందని అన్నం దగ్గర చెప్పలేదా? బడికి రాలేని పిల్లలకి ఇంటి నుంచే చెప్తానంటే, హాలు వాడుకుంటానంటే, మీరు "కానివ్వు" అనలేదా?

"నేనా?"

"మీరే. ముద్ద నోట్లో పెట్టుకుని."

ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు "కానివ్వు" అనడం అతనికి రెండేళ్ళుగా అలవాటు. దేనికి కానిచ్చాడో చాలాసార్లు తెలియదు.

"మరి రిమోటు మీద గింజ?" అన్నాడు.

"ఆ గింజ పెట్టింది మీరా! చీమలు పడతాయని తీసి పారేశాను. నేనింకా ఈ ఇంట్లో ఎవరికో మతి పోయిందనుకున్నాను," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. వెళ్తూ ఇంకో మాట అంది. అది వెనక్కి తిరిగి అన్న మాట కాబట్టి అతనికి దక్కలేదు.

పాఠం అయ్యాక కోడలు కుర్చీ చూపించి టీవీ సంగతి చెప్పింది. నెత్తి మీద ట్యూబ్‌లైటు ఉంటే ముక్కు నీడ నోటి మీద పడుతుంది. కిటికీ వెనకాల ఉంటే ముఖం నల్లగా పోతుంది. బల్ల దీపం పెట్టి చూసింది, కళ్ళద్దాల మీద మెరుపు తప్ప పిల్లలకి ఏమీ కనపడలేదు. టీవీ అయితే ఇంత వెడల్పు, వెలుగు ఎక్కడా గుచ్చుకోదు. మొదట పూర్తి తెలుపు పెట్టింది. శవంలా ఉన్నారు టీచర్ అని ఒక పిల్లాడు రాసి చూపించాడు. అప్పుడు కొంచెం పసుపు కలిపింది.

అతను అంతా చూశాడు. విన్నాడు అనే మాట అక్కడ సరిపోదని అతనికే తెలిసింది.

మర్నాడు సాయంత్రం స్టూలు తనే తెచ్చి టీవీ పక్కన వేసుకుని కూర్చున్నాడు. "నాకూ నేర్పమ్మా," అన్నాడు.

"ఇంత హఠాత్తుగా ఎందుకు మామయ్యగారూ?"

"ఊరికే."

ఆమె రెప్ప వెయ్యకుండా చూసింది. ఈ చూపు అతనికి కొత్త కాదు. అద్దంలో రోజూ చూసేదే. "పరీక్ష ఏమన్నా ఉందా?"

"నీకెవరు చెప్పారు?"

"మీరే. ఇప్పుడే."

అతనికి కోపం వచ్చింది. ఆ పట్టు చూసి కొంచెం ముచ్చట కూడా వేసింది. మేనేజరు మాట, షెడ్డు, టైర్లు అన్నీ చెప్పాడు. డాక్టరు నోరు చూసి జవాబు చెప్పేస్తే సరిపోతుందని చెప్పాడు. ఆమె ఒప్పుకుంటున్నానని అనలేదు, కాదనీ అనలేదు. టీవీ వేసింది. ప, బ, మ మూడూ పెదాల మీద ఒక్కలాగే ఉంటాయనీ, ముందూ వెనకా మాటల్ని బట్టి పోల్చుకోవాలనీ, క, గ గొంతులోనే ఉండిపోతాయి కాబట్టి వాటి కోసం వెతకొద్దనీ చెప్పింది. అతను త్వరగానే పట్టుకున్నాడు. ముఖాలు చదవడం అతనికి కొత్త విద్య కాదు. ఇన్నాళ్ళూ నోరు తప్ప మిగతాదంతా చదివాడు, అంతే తేడా.

పరీక్షకి ముందు రోజు బాగా ధీమాగా కూర్చున్నాడు. కోడలు వరసగా మాటలు అంది. ఒక్కటీ తప్పలేదు. భార్య వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ, "డేగకి చెవులు కూడా మొలిచాయి," అంది. అదీ పట్టుకున్నాడు.

అప్పుడు కోడలు పేపరు మడిచి నోటికి అడ్డంగా పెట్టుకుంది.

"ఇదేమిటి?"

ఆమె పేపరు తియ్యలేదు. పేపరు పైనుంచి కళ్ళు మాత్రం అతన్నే చూస్తున్నాయి. ఏమన్నానో చెప్పండి అన్నట్టు తల ఊపింది.

"పడవ," అన్నాడు.

తల అడ్డంగా ఊపింది.

"పలక. ఆ, పలకే."

మళ్ళీ అడ్డంగా.

"గట్టిగా చెప్పు మరి, గొణిగితే ఎలా?" విసుక్కున్నాడు. "పాలు అన్నావ్. నాకు వినపడింది."

ఆమె పేపరు దించింది. ముఖమంతా వెలుగులో ఉంది. "నేనేమీ అనలేదు మామయ్యగారూ. నోరు కూడా తెరవలేదు."

అతను లేచాడు. "నన్ను పట్టుకోవాలని చూస్తున్నావా? ఎవరు చెప్పమన్నారు నీకు? మేనేజరా?"

"డాక్టరు వెనక నిలబడి అడిగితే ఏం చేస్తారు?"

"నిలబడడు."

"నిలబడితే?"

అతను స్టూలు పక్కకి నెట్టాడు. భార్య గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయింది. ఈసారి ఏమీ అనలేదు. అతనికి అది కూడా తెలిసింది.

ఆ సాయంత్రమంతా వరండాలో కూర్చున్నాడు. పాలు అని తనకి నిజంగా వినపడింది. అబద్ధం చెప్పలేదు. అదే భయపెట్టింది. ఏమీ లేని చోట ఒక మాట వినపడింది, దాని మీద ఒట్టు కూడా వేసి ఉండేవాడు. నర్సు గుర్తొచ్చింది. ఆమె పెదాలు కదిలాయి. ఆమె చెప్పింది తను వినలేదు. అయినా ఆ రోజు తనకి ఏదో వినపడింది. ఏం వినపడిందని మేనేజరు అడిగితే, పొంతన లేని మాటలు చెప్పింది సార్ అన్నాడు. పొంతన లేని మాటలు ఎవరివి? వినపడని చోటల్లా తనే ఒక మాట పెట్టుకుంటున్నాడు. అది ఎప్పుడూ దొంగమాటే.

కోడలు వచ్చి ఎదురుగా నిలబడింది. వరండా దీపం ఆమె నెత్తి మీద ఉంది. నోటి మీద ముక్కు నీడ. ఏదో అంది. అతను కుర్చీ పక్కకి జరిపి, "ఇటు రామ్మా, వెలుతురులోకి," అన్నాడు. ఆమె జరిగింది. "అన్నానికి రండి," అంటోంది.

మర్నాడు డాక్టరు గదిలో కిటికీ డాక్టరు వెనకాల ఉంది. ముఖం నల్లగా ఉంది, చుట్టూ అంచు మాత్రం మెరుస్తోంది. కూర్చోమన్నాడని చేతిని బట్టి తెలుసుకుని కూర్చున్నాడు. అందరినీ అంకెలే అడుగుతారని జూనియర్ ఆరా తీసి చెప్పాడు. పదికి లోపు అంకెలట. తోచింది చెప్పినా కొన్ని తగిలే అవకాశం ఉంది.

డాక్టరు లేచి అతని వెనక్కి వెళ్ళాడు. అడుగులు ఆగడం నేల మీద తెలిసింది. అతను ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏదో అడిగే ఉంటారు. లేదా ఇంకా అడగలేదేమో. లేదా ఏమీ అడగకుండా నిలబడి చూస్తున్నారేమో. నాలుగు అన్న మాట లోపలి నుంచి పైకి వచ్చింది. ఎంత స్పష్టంగా వచ్చిందంటే, నిజంగానే వినపడినట్టుంది. నోటి చివరిదాకా వచ్చింది.

మింగేశాడు. లేచి, కుర్చీ ఎత్తి వెనక్కి తిప్పి, డాక్టరుకి ఎదురుగా కూర్చున్నాడు. ఇప్పుడు కిటికీ వెలుగంతా డాక్టరు ముఖం మీద పడింది. నడివయసు మనిషి, గడ్డం సరిగ్గా గీసుకోలేదు.

"అలా తిరిగితే పరీక్ష కాదండీ," అన్నాడు డాక్టరు.

"తెలుసు సార్. తిరక్కపోతే నాకు వినపడదు."

డాక్టరు అతన్ని తేరిపార చూశాడు. ఈ గదిలో ఆ మాట ముందుగా చెప్పేవాళ్ళు ఎక్కువ మంది ఉండరేమో. "ఎన్నాళ్ళుగా?"

"రెండేళ్ళు దాటింది."

"ఇంట్లోవాళ్ళకి తెలుసా?"

"నాకంటే ముందే తెలుసు."

డాక్టరు తన చోటికి వెళ్ళి కూర్చుని, కాగితం మీదికి వంగి ఏదో రాయడం మొదలుపెట్టాడు. అతను మళ్ళీ కుర్చీ తిప్పుకున్నాడు. మెడ సాచి, ఆ అక్షరాలు తలకిందులుగా చదవడానికి ప్రయత్నించాడు.